సుర, సారా, విస్కీ : పదము, పదార్థము

కొన్ని సంవత్సరములకు పూర్వము ఎం. ఏ. తరగతిలో ఒక పురాణకథాభాగమును పాఠము చెప్పుచు, అందలి 'సుర' అను పదమునకు 'కల్లు, సారా' అని అర్థము చెప్పితిమి. అది మా గురువులు మాకు చెప్పిన అర్థమే. వారికి వారి గురువులును అట్లే చెప్పియుందురు. పాఠము ముగిసిన పిమ్మట నెల్లూరు జిల్లానుండి వచ్చిన విద్యార్థిని యొకతె మమ్ము సమీపించి యిట్లడిగినది: "సార్, సుర అంటే కల్లు, సారా అన్నారు. రెండూ ఒకటేనా? విస్కీ కూడా అదేనా? అన్నీ ఒకటే అయితే 1993లో సారా ఒక్కదాన్నే ఎందుకు ఆపారండీ? మా అమ్మావాళ్లు మూయించింది సారా కొట్టే."

ఆ ప్రశ్నకు మేము వెంటనే సమాధానము చెప్పలేకపోతిమి. పదమునకు పర్యాయపదమును చెప్పి ఊరకుండుటచే పదార్థము మరుగుపడినదని మాత్రము తోచినది. ఈ వ్యాసము ఆ విద్యార్థిని కీయవలసిన సమాధానము. మద్యవాచకములను బోధించునపుడు ఏ భేదములను పాటింపవలెనో, అవి పాటింపనిచో ప్రాచీనగ్రంథముల అవగాహనకును, ఇటీవలి చరిత్ర అవగాహనకును ఎట్టి హాని కలుగునో చూపుట దీని ఉద్దేశము.

1. పులియుట, కాచుట

మద్యములన్నిటికిని మూలమొక్కటే. చక్కెర గల ద్రవమున 'ఈస్ట్' అను సూక్ష్మజీవి చేరి, ఆ చక్కెరను ఆల్కహాలుగను, బొగ్గుపులుసు వాయువుగను మార్చును. దీనినే పులియుట యందుము. తాటిచెట్టునుండి కారిన తీపినీరు కొన్ని గంటలలో కల్లగుటయు, ద్రాక్షరసము ద్రాక్షమద్యమగుటయు ఈ విధముననే. అయితే ఈ మార్పునకు ఒక మేర కలదు. ఆల్కహాలు హెచ్చినకొలది దానిని పుట్టించిన ఈస్టే అందు మనలేక నశించును. కావున పులిసిన ద్రవములో ఆల్కహాలు సాధారణముగా 15 శాతము దరిదాపుల నిలిచిపోవును. కల్లులో నది ఇంకను చాల తక్కువ.

ఈ మేరను దాటుటకు మానవుడు కనిపెట్టిన ఉపాయము రెండవది. నీరు 100 డిగ్రీల సెంటీగ్రేడు వేడిమికి మరగును. ఆల్కహాలు సుమారు 78 డిగ్రీలకే మరగును. పులిసిన ద్రవమును కాచినచో ముందుగా లేచు ఆవిరిలో ఆల్కహాలు పాలు హెచ్చుగ నుండును. ఆ ఆవిరిని చల్లార్చి బొట్లుబొట్లుగ పట్టుకొన్నచో తీక్ష్ణమైన ద్రవము లభించును. సారా, విస్కీ, బ్రాందీ, రమ్ము, జిన్ను, వోడ్కాలన్నియు ఈ రెండవ తెగకు చెందినవి. కల్లు, బీరు, ద్రాక్షమద్యము మొదటి తెగకు చెందినవి.

మన విజ్ఞానశాస్త్ర పాఠ్యపుస్తకములలో మొదటి క్రియకు 'కిణ్వనము' అనియు, రెండవ క్రియకు 'స్వేదనము' అనియు పేర్లు. ప్రక్కభవనములోని రసాయనశాస్త్రశాఖవారు రెండు పదములుంచుకొన్నచోట తెలుగుశాఖలో మనము ఒకే అర్థముతో సరిపెట్టుకొనుచున్నాము. నిజమునకు జనుల వాడుకయు ఈ భేదమును చక్కగ కాపాడియున్నది. కల్లును 'గీయుదురు', 'దించుదురు', సారాను 'కాయుదురు'. కల్లు కాచితిమని యెవ్వరును అనరు. సారాకు 'బట్టీ' కలదు, కల్లునకు లేదు. కాచుటకు ముందు పులియబెట్టిన బెల్లపునీటికి 'ఊట' అని వేరొక పేరే కలదు. ఊట సారా కాదని సారాబట్టీలపై దాడిచేయు అధికారికిని తెలియును, కాచువానికిని తెలియును. నామవాచకముల టీకలలో మనము పోగొట్టుకొన్న భేదము పల్లెలలోని క్రియాపదములలో భద్రముగ నున్నది.

2. ప్రాచీన నామములు

సంస్కృతవాఙ్మయమున మద్యములకు పేర్లు విస్తారముగ కలవు. కౌటిల్యుని అర్థశాస్త్రమున సురాధ్యక్షుని గూర్చిన అధ్యాయమొకటి యున్నది. అందు మేదకము, ప్రసన్న, ఆసవము, అరిష్టము, మైరేయము, మధువు అను ఆరు భేదములును, వాని పాళ్లును చెప్పబడినవి. మేదకమునకు నీరు, బియ్యము, కిణ్వము కావలెను. మధువనగా ద్రాక్షరసమునుండి యైనది. కిణ్వమనగా పులియించుటకు వేయు ముద్ద. దానిని మినుములు, బియ్యము, మూలికలు చేర్చి చేయవలెనని అచ్చటనే కలదు. నేటి 'కిణ్వన' శబ్దము ఈ ప్రాచీనపదమునుండి చేసికొన్నదే.

ఈ కిణ్వము ఏల అవసరమైనదో గమనింపదగును. బెల్లములోను, ద్రాక్షలోను, తాటినీటిలోను చక్కెర సిద్ధముగ నున్నది. బియ్యములోను, యవలలోను ఉన్నది పిండిపదార్థము. దానిని ఈస్టు నేరుగా తినజాలదు. ముందది చక్కెరగా మారవలెను. పడమటిదేశములవారు ధాన్యమును మొలకెత్తించి ఈ పని సాధించిరి. మొలకలో పుట్టు ఎంజైములు పిండిని చక్కెర చేయును. తూర్పుదేశములలో బూజుతో కూడిన ముద్దలచే సాధించిరి. ధాన్యమద్యమును తక్కిన మద్యములనుండి వేరుచేయునది ఈ అదనపు మెట్టే.

మనుస్మృతి సురను గౌడి, పైష్టి, మాధ్వి అని మూడు విధములుగ విభజించినది. గుడమునుండి యైనది గౌడి, పిష్టమునుండి యైనది పైష్టి. మూడవదానిని ఇప్పపూవులనుండి యైనదని కొందఱును, తేనెనుండి యైనదని కొందఱును వ్యాఖ్యానింతురు. ఈ విభాగమునకు ఆధారము ముడిపదార్థము. కాచుట, కాచకపోవుట అను ప్రశ్న ఇందు లేదు. అర్థశాస్త్రపు పాళ్లలోను కిణ్వము కనబడునేగాని ఆవిరిపట్టు పాత్ర కనబడదు. ఆయుర్వేదమునందలి ఆసవారిష్టములును పులియబెట్టినవే. కషాయము కాచి పులియబెట్టినది అరిష్టము, కాచక పులియబెట్టినది ఆసవము అని సామాన్యనియమము. ఇచ్చట 'కాచుట' మూలికల సారము దించుటకేగాని మద్యపు టావిరిని పట్టుటకు కాదు.

ప్రాచీనభారతమున స్వేదనక్రియ యుండెనా అను చర్చ లేకపోలేదు. గాంధారప్రాంతమున షైఖాన్ ధేరీయందు దొరికిన మృణ్మయపాత్రలను బట్టి అది యుండెనని ఎఫ్. ఆర్. ఆల్చిన్ 1979లో వాదించెను. ఆ వాదమును అంగీకరింపని పండితులును కలరు. మొగలు కాలమునకు వచ్చినచో సంశయమునకు తావు లేదు. అబుల్ ఫజల్ 'ఆయినె అక్బరీ'లో చెరకునుండి అరఖు తీయు విధమును, అందుకు వాడు పరికరములను వర్ణించియున్నాడు. ఇట్టి స్థితిలో ప్రాచీనగ్రంథములోని 'సుర'కు 'సారా' అని టీక వ్రాయుట పండితులు నేటికిని చర్చించుచున్న విషయమును ఒక్క మాటతో తేల్చివేయుట యగును. ఆ టీకను చదివిన విద్యార్థి వేదకాలమున సారాబట్టీలుండెనని నమ్మినచో తప్పు అతనిది కాదు.

3. చెమట, నీరు, కాటుక

కాచిన మద్యములకు వివిధభాషలు పెట్టిన పేర్లను పరిశీలించినచో ఆ క్రియను మొదట చూచినవారికి కలిగిన ఆశ్చర్యము నేటికిని కానవచ్చును.

అరబ్బీలో 'అరఖ్' అనగా చెమట. పాత్ర పైభాగమున ఆవిరి చల్లారి బొట్లుగ నిలుచుట చెమటపోసినట్లుండును గదా! ఈ పదము పారసీకమునకును, ఉర్దూకును వ్యాపించినది. ఆంగ్లేయుల 'అరాక్' ఇదియే. యూనానీ వైద్యమున మాత్రము ఈ పదమునకు మత్తుతో నిమిత్తము లేదు. అరఖె గులాబ్ అనగా గులాబీ అరఖు, పన్నీరు. ఏ వస్తువునైనను కాచి ఆవిరిపట్టిన ద్రవము అరఖే. మన 'స్వేదన' పదమునకును మూలము స్వేదము, అనగా చెమటయే. అరబ్బు రసవాదులును, తెలుగు పాఠ్యపుస్తకరచయితలును ఒకే ఉపమానమును ఆశ్రయించుట ముచ్చట గొల్పుచున్నది.

'ఆల్కహాలు' పదమునకును అరబ్బీయే మూలము. 'అల్ కుహ్ల్' అనగా కంటికి పెట్టుకొను సుర్మా. మిక్కిలి మెత్తగ నూరిన ఆ పొడి పేరు క్రమముగ ఏ పదార్థముయొక్క సూక్ష్మసారమునకైనను చెల్లినది. 16వ శతాబ్దిలో పారసెల్సస్ ద్రాక్షమద్యపు సారమును ఆ పేరుతో వ్యవహరించెను. పిమ్మట సారమను అర్థము పోయి ఆ ద్రవమే పేరునకు స్వామి యైనది. అర్థసంకోచమునకు ఇంతకంటె చక్కని ఉదాహరణము తరగతిలో దొరకుట అరుదు.

డచ్చివారి 'బ్రాండవైన్' అనగా కాల్చిన ద్రాక్షమద్యము. బ్రాందీ దానినుండి వచ్చినది. ఇది క్రియను బట్టి వచ్చిన పేరు. జూనిపర్ అను పొద కాయలచే పరిమళము కట్టిన మద్యమునకు ఆ పొదను బట్టియే డచ్చిలో 'జెనీవర్' అని పేరు. ఆంగ్లేయులు దానిని కుదించి 'జిన్' అనిరి. ఇది ద్రవ్యమును బట్టి వచ్చినది. కాన్యాక్ ఫ్రాన్సులోని ఒక పట్టణము, టెకీలా మెక్సికోలోని ఒక పట్టణము. ఇవి స్థలమును బట్టి వచ్చినవి. రష్యనులో 'వొదా' అనగా నీరు. వోడ్కా దానికి అల్పార్థకరూపము, 'చిట్టినీరు' అన్నట్లు. మన 'మద్యము' మదింపజేయునదని ఫలమును బట్టి యేర్పడినది. కావుననే అది పులిసినదానికిని, కాచినదానికిని సమానముగ చెల్లును.

తెలుగు 'సారా'కు సారాయి, సారాయము అను రూపములును కలవు. తమిళమున 'చారాయము' కలదు. దీనిని సంస్కృత 'సార' శబ్దముతో ముడిపెట్టుట సులభము. అర్థమును చక్కగ అమరును. కాని అర్థము అమరినంతమాత్రమున వ్యుత్పత్తి సిద్ధింపదు. సుర, సుర్మా, సారాలను వరుసగా నిలిపి బంధుత్వము కల్పించువారు ఈ నియమమును మఱవరాదు.

మన పదమొకటి స్కాట్లాండు చేరిన వైనము వేరు. తాటిచెట్టునకు హిందీలో 'తాడ్' అనియు, దాని కల్లునకు 'తాడీ' అనియు పేర్లు. ఆంగ్లేయుల నోట అది 'టాడీ' యైనది. స్కాట్లాండులో విస్కీకి వేడినీరు, చక్కెర చేర్చిన పానీయమునకు అదే పేరు స్థిరపడినది. తాటిచెట్టు కనరాని చలిదేశమున చెట్టుకల్లు పేరు కాచిన మద్యమునకు తగులుకొన్నది. పదములు పదార్థములను విడిచి ఎంత దూరము పోగలవో దీనివలన తెలియును.

4. విస్కీ యనగా నేమి?

లాటిను పండితులు కాచిన మద్యమును 'ఆక్వా విటే' అనిరి, జీవజలమని అర్థము. అది మొదట ఔషధమని భావింపబడినది. స్కాట్లాండు రాజకోశపు లెక్కలలో 1494లో జాన్ కోర్ అను సన్న్యాసికి ఆక్వా విటే చేయుటకై ఎనిమిది 'బోలు'ల మొలకధాన్యము ఇచ్చినట్లు కలదు. బోలు అచ్చటి ధాన్యపు కొలత. ఈ లాటిను పేరును గేలిక్ భాషవారు తమ మాటలలోనికి మార్చి 'విష్కె బాహా' అన్నట్లు పలికిరి. అందు మొదటి భాగమునకు నీరనియే అర్థము. కాలక్రమమున రెండవ భాగము రాలిపోయి, నీరను భాగమే 'విస్కీ'గా మిగిలినది. జీవము పోయి జలము మిగిలినదన్నమాట!

దాని తయారీ యిది. బార్లీని నానబెట్టి మొలకెత్తింతురు. మొలక కొంత రాగానే ఆరబెట్టి పెరుగుదలను నిలుపుదురు. కొన్నిచోట్ల 'పీట్' అను బొగ్గుమట్టిని మండించి ఆ పొగలో ఆరబెట్టుదురు. పొగవాసన విస్కీకి అంటును. పిదప దంచి వేడినీటిలో కలిపి, తీపినీటిని వడగట్టి ఈస్టుతో పులియబెట్టుదురు. ఆ ఊటను రాగిపాత్రలలో సాధారణముగా రెండు పర్యాయములు కాయుదురు. మొదట వచ్చిన భాగమును, చివర వచ్చిన భాగమును వేరుచేసి నడిమిభాగమునే గ్రహింతురు. దానిని ఓక్ కొయ్యపీపాలలో నిలువయుంతురు. రంగును, రుచిలో పెద్దభాగమును ఆ పీపాలనుండియే వచ్చును. స్కాచ్ అనిపించుకొనవలెనన్నచో అచ్చటి నేలమీద కనీసము మూడేండ్లు పీపాలో నుండవలెను. ఆవిరియై సాలుకు సుమారు 2 శాతము తరుగు పోవును. ఆ తరుగును వారు దేవదూతల వంతు అందురు.

1830లో ఈనియస్ కాఫీ అనునతడు ఒక క్రొత్త యంత్రమునకు హక్కుపత్రము పొందెను. అతడు అంతకుముందు ఐర్లండులో ఆబ్కారీ ఉద్యోగి. ఎత్తైన స్తంభములుగల ఆ యంత్రము ఎడతెగక పనిచేయుచు, చవుకగా, మిక్కిలి తీక్ష్ణమైన స్పిరిట్టు నిచ్చును. కాని ముడిపదార్థపు రుచి అందు చాలవరకు పోవును. మొలకెత్తని ధాన్యమును, మొక్కజొన్నను కూడ విరివిగా వాడవచ్చును. వ్యాపారులు దీనిని రాగిపాత్రల విస్కీతో కలిపి అమ్మసాగిరి. అంతట తగవు పుట్టినది: ఇది విస్కీయా, కాదా?

1905లో లండనులోని ఇస్లింగ్‌టన్ పురపాలకసంఘము అట్టి సరకు నమ్మినవారిపై అభియోగము తెచ్చెను. 1906లో న్యాయాధికారి అది విస్కీ కాదని తీర్పు చెప్పెను. అలజడి చెలరేగగా 1908లో ఒక రాయల్ కమిషన్ ఏర్పడినది. విస్కీని, ఇతర పానయోగ్య స్పిరిట్లను గూర్చి విచారించుట దాని పని. అది 1909లో ఇచ్చిన నివేదికలో, మొలకధాన్యపు ఎంజైములచే చక్కెరగా మారిన ధాన్యపుటూటనుండి కాచినది విస్కీయని నిర్వచించి, రెండు విధముల పాత్రలను అంగీకరించినది. అదే సంవత్సరము డిసెంబరులో అమెరికా అధ్యక్షుడు టాఫ్ట్ 'విస్కీ' అను పేరునకు తమ దేశమున అర్థమేమో నిర్ణయించి తీర్పు ప్రకటించెను. ఒక్క పదముయొక్క అర్థమునకై న్యాయస్థానమును, కమిషనును, దేశాధ్యక్షుడును పూనుకొనుట నిఘంటుకారులకు అసూయ గొల్పెడి సంగతి. పాత్రవిషయమున ఉదారముగ నున్న ఆ కమిషను ధాన్యముండవలెనన్న నియమమును మాత్రము విడువలేదు. మన పరిభాషలో చెప్పవలెనన్నచో, విస్కీ తప్పక 'పైష్టి'.

5. మన దేశపు విస్కీ, మన సారా

ఇచ్చట మన విద్యార్థిని ప్రశ్నకు వచ్చుచున్నాము.

భారతదేశమున విస్కీ పేర అమ్ముడైనదానిలో పెద్దభాగము చిరకాలముగా చెరకుమడ్డినుండి తీసిన స్పిరిట్టుతో చేసినది. దానికి రంగు, పరిమళము, కొంత మాల్టు విస్కీ చేర్చుదురు. ధాన్యపు స్పిరిట్టును వాడువారును కలరు. బెంగుళూరులో తయారైన అమృత్ వంటి, బార్లీ మాల్టుతో చేసిన విస్కీ 2004లో స్కాట్లాండులోని గ్లాస్గో నగరమున విడుదలయి పేరుపొందినది. కాని చెరకుమడ్డిది స్కాట్లాండు నిర్వచనము ప్రకారము విస్కీ కానేరదు. మనుస్మృతి విభాగము ప్రకారము అది 'గౌడి'. సీసాపై నున్న పేరు పైష్టిది, లోపలి ద్రవము గౌడి. చెరకునుండి పుట్టిన రమ్మునకు అది తోబుట్టువు.

ఆంధ్రప్రదేశమున ప్రభుత్వము వేలముపాటలు పెట్టి అమ్మించిన సారాయు చెరకుమడ్డి స్పిరిట్టునకు నీరు కలిపినదే. ప్యాకెట్లలో పల్లెపల్లెకు చేరెడిది. అనగా కూలివాడు త్రాగిన సారాకును, పట్నవాసి త్రాగిన అనేక విస్కీలకును తల్లి యొక్కతెయే. భేదమంతయు రంగులోను, పరిమళములోను, వెలలోను, పేరులోను ఉన్నది. ప్రభుత్వపరిభాష ఈ భేదమును శాశ్వతము చేసినది. సారా 'దేశీయ' మద్యము. విస్కీ, బ్రాందీ, రమ్ములు 'భారతదేశమున తయారైన విదేశీ మద్యము'. తన దేశముననే పుట్టి విదేశీయమైన ఈ సమాసమునకు విగ్రహవాక్యము చెప్పుమని ఏ విద్యార్థిని అడుగుదుము?

1992లో నెల్లూరు జిల్లా దూబగుంటలో స్త్రీలు సారాకొట్టు మూయించిరి. అక్షరాస్యతా కార్యక్రమపు వాచకములలోని పాఠములు వారిని ఆలోచింపజేసినవి. దూబగుంట కథయే పిమ్మట పాఠమై ఇతర గ్రామముల స్త్రీలను కదలించినది. తెలుగు బోధించు మనము దీనిని ప్రత్యేకముగ గుర్తుంచుకొనవలెను. ఒక వాచకపు పాఠము ఇంతటి ఫలమిచ్చుట మన వృత్తిలో తఱచు చూచునది కాదు. ఉద్యమము జిల్లాలు దాటి వ్యాపించినది. స్త్రీలు వేలముపాటలను అడ్డుకొనిరి. 1993 అక్టోబరు 1 నుండి రాష్ట్రమంతట సారా నిషిద్ధమైనది. విస్కీ మొదలైనవి మాత్రము నిలిచినవి. 1995 జనవరిలో సంపూర్ణమద్యనిషేధము వచ్చి వానికిని తగిలినది. 1997లో అది సడలినపుడు 'విదేశీ' మద్యము తిరిగి అంగడికెక్కినది. సారాపై నిషేధము తొలగలేదు.

కావున ఆమె ప్రశ్నకు సమాధానమిది. కల్లును సారాయు ఒకటి కావు. ఒకటి పులిసినది, వేరొకటి కాచినది. సారాయు విస్కీయు కాచినవే, ఒకే తెగవి. మన దేశమున తఱచు ఒకే స్పిరిట్టునుండి వచ్చినవి. 1993లో సారాను మాత్రమే నిలిపిరన్నచో అది ద్రవ్యభేదముచే గాక, చట్టములో వానికున్న పేర్ల భేదముచేతను, అవి చేరిన ఇండ్ల భేదముచేతను జరిగినది. ఆమె తల్లి పోరాడినది తన యింటి కూలిడబ్బులను హరించిన వస్తువుతో. ఆ వస్తువునకు ఆ ఊరిలో సారా అని పేరు.

6. బోధకులకు మనవి

మేము ఇప్పుడు తరగతిలో పాటించుచున్న పద్ధతిని విన్నవించి ముగింతుము. ప్రాచీనగ్రంథమున 'సుర' వచ్చినపుడు 'ధాన్యము మొదలైనవానిని పులియబెట్టి చేసిన మద్యము' అని చెప్పుచున్నాము. ఆసవారిష్టములకు 'పులియబెట్టినది' అను విశేషణమును విడువము. కాచినదనుటకు గ్రంథమున ఆధారము కనబడిననే 'సారా' పదమును వాడుదుము. ఏ తెగదో తెలియనిచోట 'మద్యము' అను సామాన్యశబ్దము చాలును. ఆధునికరచనలో సారా, విస్కీ, బ్రాందీ అను పేర్లు వచ్చినపుడు వానిని పర్యాయపదములుగ చూపక, త్రాగువాడెవ్వడు, కొన్నచోటెక్కడ అని విద్యార్థులనే అడుగుచున్నాము. కథలో పాత్రయొక్క స్థితిని ఆ ఒక్క పేరే చెప్పును.

ఈ విషయమున పరిశోధకవిద్యార్థులు చేయవలసిన పని మిగిలియున్నది. జిల్లాలవారీగ కల్లుగీతకును, సారా కాచుటకును సంబంధించిన పదములను, ముఖ్యముగ క్రియాపదములను, సేకరింపవలెను. ఆ పనులెఱిగిన వృద్ధులు నానాటికి తగ్గుచున్నారు. సేకరణము ఆలస్యమైనచో ఆ పదములును వారితోనే పోవును.